నేల దగ్గరపడుతున్న ఫొటోలు

మానవజాతి గతిని మార్చిన అలవాట్లు చరిత్రలో కొన్ని ఉన్నాయి. ఎవరో నిప్పు చుట్టూ చేరి కబుర్లు చెప్పుకోవడం అలవాటు చేసుకున్నారు, ఇళ్ళు పుట్టాయి. ఇంకెవరో పక్కవాడి పొలంకేసి చూడటం అలవాటు చేసుకున్నారు, యుద్ధాలు పుట్టాయి. ఈ వరసలో చేర్చవలసినదీ, చరిత్రకారులు ఎందుకో చిన్నచూపు చూసినదీ మరొకటుంది. ఒక ఊళ్ళో ఒక ఫొటోగ్రాఫరు, చూడదగ్గది ఏది కంటబడినా, పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి 'టక్'మని కొరికేవాడు.

దీనికి కారణం లేకపోలేదు. ఆయన నేలమీద ఫొటోలు తీసే రకం కాదు. విమానంలోంచి దూకి, పారాచూట్ తెరుచుకునేలోగా, తనతోపాటు గాలిలో పడుతున్నవాళ్ళని ఫొటోలు తీసేవాడు. కెమెరా హెల్మెట్‌కి బిగించి ఉంటుంది. తల ఎటు తిరిగితే కెమెరా అటు. చేతులు రెండూ గాలిని ఆపుకోవడానికే చాలవు కాబట్టి, మీట నోట్లో ఉంటుంది. కొరికితే ఫొటో. ఏళ్ళతరబడి ఆకాశంలో కొరికిన మనిషి నేలమీద మానేస్తాడా? కుక్క ఠీవిగా రోడ్డు దాటితే టక్. మబ్బు అంచున ఎండ మెరిస్తే టక్. పక్కింటావిడ కొత్తబట్టలు కట్టుకుని గేటు తీస్తే టక్. ఈ చివరిదాని గురించి ఆవిడ భర్త వచ్చి మాట్లాడి వెళ్ళాడు. పళ్ళ డాక్టరయితే, "మీరు రాళ్ళేమైనా తింటారా?" అని మర్యాదగానే అడిగాడు.

పైన తీసేవాడు కాబట్టి అందరూ అతన్ని 'పైవాడు' అనేవారు. "నవ్వండి, పైవాడు చూస్తున్నాడు" అనేది విమానంలో పాతబడిపోయిన జోకు. కొత్తగా దూకేవాళ్ళు మాత్రం దానికి నవ్వేవారు కాదు.

పుట్టుకతో అతను కిందివాడే. బస్టాండు వెనక తండ్రి వదిలిపోయిన స్టూడియో ఉంది: ఒక స్టూలు, ఒక నీలం తెర, మరకలు పడ్డ అద్దం, ఆ అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం పైకి, కళ్ళు ముయ్యకండి" అనడంతో యవ్వనం సగం గడిచింది. అలా ఉండగా, లైసెన్సుకి ఫొటో కావాలని ఒక పారాచూట్ శిక్షకుడు వచ్చాడు. వెనకగదిలో ఫొటోలు కత్తిరిస్తున్న అక్కని చూశాడు. ఫొటో బాగా రాలేదని మళ్ళీ వచ్చాడు. చెవులు సరిగ్గా పడలేదని మళ్ళీ వచ్చాడు. ఆఖరికి ఫొటో సంగతి మరిచిపోయి బావ అయ్యాడు.

బావమరిదిని స్టూలు పక్కనుంచి లేపి ఆకాశంలోకి తోసింది ఆ బావే. "కదలకుండా కూర్చున్నవాణ్ణి గోడకున్న మేకు కూడా ఫొటో తీస్తుందిరా. పడేవాణ్ణి తియ్యి, చూద్దాం" అన్నాడు. తీశాడు. నేల విడిచి సాము చెయ్యకూడదని పెద్దలంటారు గాని, ఆ ఇద్దరికీ అదే కూడుపెట్టింది.

బావ పని జంటగా దూకడం. సరదాపడి వచ్చిన మనిషిని తన ఛాతీకి పట్టీలతో కట్టుకుని దూకుతాడు. ఇద్దరికీ కలిపి ఒకటే పెద్ద పారాచూట్, అది బావ వీపుమీద. పైవాడు వాళ్ళ ఎదురుగా పడుతూ ఆ వచ్చినవాడి ఎగిరే బుగ్గల్నీ, తెరిచిన నోటినీ ఫొటో తీస్తాడు. బావ పారాచూట్ విచ్చుకోగానే ఆ జంట ఎవరో జుట్టుపట్టి లాగినట్టు పైకి పోతుంది. పైవాడు అది కూడా తీసి, ఆ తరవాత తనది తెరుచుకుంటాడు. అంటే బావ ఎంత కిందకి వచ్చి తెరిస్తే, బావమరిది అంతకన్నా కింద తెరవాలి. ఈ వియ్యం అలాంటిది.

దీంట్లో అతని ప్రత్యేకత 'నేల ఫొటో'. బావ పారాచూట్ లాగబోయే ముందు ఒక్క క్షణం, పైవాడు చేతులు బారచాపి వాళ్ళకంటే కాస్త పైకి లేచేవాడు. అప్పుడు తీసిన ఫొటోలో జంట, వాళ్ళ వెనకాల భూమి. జనం దాన్నే గోడలకి తగిలించుకునేవారు.

ఒక మధ్యాహ్నం స్టూడియోలో, పాత ఫొటోలనీ కొత్త ఫొటోలనీ కంప్యూటర్ తెరమీద పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూస్తుంటే, అతని దవడ దానంతటదే బిగిసింది. టక్.

వాళ్ళు దిగే మైదానం పక్కన ఒక బడి ఉంది. పాత ఫొటోల్లో అది అగ్గిపెట్టె. మొన్నటి ఎండాకాలం ఫొటోల్లో దానికి కిటికీలు వచ్చాయి. ఆ తరవాతి వాటిలో బడి వెనకింటి డాబా, డాబామీద తీగ, తీగమీద దుప్పట్లు. నిన్న తీసినదాంట్లో ఆ దుప్పట్ల మధ్య ఒక ఆవిడ బుట్ట పట్టుకుని నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. ఆ చూపులో మెచ్చుకోలు లేదు.

అతను లెన్సు విప్పి చూశాడు. అదే లెన్సు. హెల్మెట్‌మీద బిగింపు చూశాడు. అదే బిగింపు. కెమెరా అబద్ధం చెప్పదని తండ్రి అంటుండేవాడు. ఆ మాట పాస్‌పోర్టు ఫొటోలు చూసి ఏడ్చేవాళ్ళని ఓదార్చడానికి కాకుండా ఇంకోదానికి పనికొస్తుందని అతను అనుకోలేదు. నేల దగ్గరపడుతోంది. రోజూ కాస్త, పిల్లిలా, చప్పుడు చెయ్యకుండా.

ఈ సంగతి ఎవరికీ పట్టలేదా అంటే, ఒకావిడకి పట్టింది. షెడ్డులో పారాచూట్లు మడిచి సంచుల్లో కూరే ఆవిడని అందరూ మడతల పిన్ని అంటారు. మర్నాడు మోకాలితో గుడ్డని అదిమిపెడుతూ, తల ఎత్తకుండానే అంది: "ఏరా అబ్బాయ్, ఈమధ్య మీ గొడుగులు మరీ కింద విచ్చుకుంటున్నాయేం? ఇదివరకు నాకు రంగులు కనబడేవి. ఇప్పుడు నా కుట్లు కూడా కనబడుతున్నాయి."

"గాలి అలా ఉంది పిన్నీ."

"గాలి అలాగే ఉంటుంది. రేపేదైనా అయితే మాత్రం నా మడత బాగాలేదంటారు."

మైదానం యజమానికీ కనబడింది గాని, ఆయన సంతోషించాడు. జనం చప్పున దిగుతున్నారు, విమానం ఇంకో విడత ఎగురుతోంది. ఆయన దృష్టిలో అది కార్యదక్షత.

ఆదివారం పూట మైదానానికి సెలవిచ్చిన వారాల్లో, పైవాడి భోజనం అక్క ఇంట్లో. అతనికి పెళ్ళి కాలేదు. సంబంధానికి వచ్చినవాళ్ళు ఉద్యోగం ఏమిటని అడిగి, చెప్పింది విని, మంచినీళ్ళు తాగి లేచిపోయేవారు. అక్క పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ మాట్లాడితే రోగులే కాదు, డాక్టర్లు కూడా నాలిక చాపుతారని ప్రతీతి.

భోజనాలయ్యాక బావ తలనొప్పిగా ఉందంటే, అక్క మాత్రల అట్ట ఇచ్చింది. "పాతదేమో, తారీఖు చూసి వేసుకో."

బావ అట్టని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. కొంచెం దూరం జరిపాడు. చెయ్యి పూర్తిగా చాపాడు. చెయ్యి అయిపోయింది గాని అక్షరాలు రాలేదు. "నువ్వు చదవరా, నా చేతులు తడిగా ఉన్నాయి" అని బావమరిది ముందు పడేశాడు.

టక్.

అక్క గరిట కింద పెట్టింది. "ఏం చూశావురా?"

"ఏం లేదక్కా."

"పళ్ళు కొరికావు."

"పలుకురాయి తగిలింది."

"భోజనం అయ్యి పావుగంటయింది. ఇప్పుడు తగిలిందా రాయి?" అక్క ఇద్దరికేసీ మార్చి మార్చి చూసి, చేతులు తుడుచుకుంది. ఆ తరవాత ఆవిడ అన్న మాట విని పైవాడి గుండెల్లో రాయి పడింది. ఇది నిజమైన రాయి. "వచ్చే ఆదివారం నేనూ దూకుతాను. పెళ్ళయిన కొత్తలో తీసుకెళ్తానన్నావు, గుర్తుందా? జుట్టు తెల్లబడకముందే ఆ ముచ్చట తీర్చు."

"ఇప్పుడెందుకే?" అన్నాడు బావ.

"ఊరందర్నీ గుండెలకి కట్టుకుని దూకుతావు. పెళ్ళానికి వచ్చేసరికి ఎందుకే అంటావేం?"

బావ అట్ట అందుకుని, తారీఖు సంగతి మరిచిపోయి మాత్ర మింగేశాడు.

మర్నాడు షెడ్డు వెనక, డ్రమ్ములు పేర్చిన చోట, పైవాడు బావని నిలబెట్టాడు.

"బావా, నీ మణికట్టుమీద మీటరు నీకు కనబడుతోందా?"

ఆ మీటరు ఎంత ఎత్తులో ఉన్నదీ చెబుతుంది. ఇదివరకు గడియారంలా ముల్లు ఉండే మీటర్లు ఉండేవి. ఎండాకాలం ముందు యజమాని వాటిని తీసేసి, అంకెలు చూపించే కొత్తవి జంటగా దూకేవాళ్ళకి ఇచ్చాడు. పైవాడికి మాత్రం పాతదే మిగిలింది.

"కనబడక? ఇంత లావున ఉంటే."

"ఇప్పుడెంత చూపిస్తోంది?"

బావ మణికట్టు చూశాడు. "నేలమీద ఉన్నాం. సున్నా."

"అది తెలివి. చూపు కాదు. దాన్ని అసలు ఆన్ చెయ్యలేదు నువ్వు."

బావ డ్రమ్ముమీద కూర్చున్నాడు. కాసేపు బూటుతో మట్టి గీకాడు. "ముల్లున్నప్పుడు బానే ఉండేదిరా. ముల్లు ఎటుందో అంచనాకి తెలిసేది. ఈ అంకెలే చీమల్లా పాకుతున్నాయి."

"చత్వారం బావా అది. నలభై దాటితే వస్తుంది. కళ్ళజోడు పెట్టుకో."

"కళ్ళజోడు పెట్టుకున్నవాడి గుండెకి ఎవడు కట్టించుకుంటాడు తనని? ఏడాదికోసారి డాక్టరు పరీక్ష ఉంది. కళ్ళజోడని తెలిస్తే నన్ను దింపేస్తారు. ఆ టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చోబెడతారు. నేను కిటికీలోంచి దూకనా అప్పుడు?"

"మరి ఇన్నాళ్ళూ పారాచూట్ ఎప్పుడు లాగాలో ఎలా తెలుస్తోంది నీకు?"

బావ అతనికేసి ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వున్నావు కదరా. నేల ఫొటో కోసం పైకి లేస్తావు చూడు, అదే గుర్తు. నువ్వు లేవగానే లాగేస్తాను."

పైవాడు ఎండకి కాగిన డ్రమ్ముమీద చెయ్యి వేసి, తియ్యడం మరిచిపోయాడు.

"బావా, నేను లేచేది నీ చెయ్యి కదలడం చూసి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమ్మం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు 'ముందు మీరు', 'అబ్బే, ముందు మీరు' అనుకుంటూ నిలబడటం అందరూ చూసిందే. వీళ్ళూ అదే మర్యాద పాటించారు. తేడా ఒక్కటే. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కిందకి పడుతూ ఉండరు.

"తల తిప్పి మీటరు చూసుకోవచ్చు కదరా నువ్వు?" అన్నాడు బావ, చివరికి.

"తల తిప్పితే కెమెరా తిరుగుతుంది. జనం నా మణికట్టు ఫొటోని గోడకి తగిలించుకుంటారా?"

"మరీ కిందకి వెళ్తే పారాచూట్‌ని దానంతటదే తెరిచే పెట్టె ఉందిలే సంచిలో."

"గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అనుకోవడం కదా ఇది! అక్క ఎక్కుతోంది బావా ఈసారి."

"అందుకే, ఆ రోజు నువ్వు మీటరు చూసుకుని లే. ఫొటో పోతే పోయింది. నువ్వు లే, నేను లాగుతాను." బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. "మీ అక్కకి మాత్రం చెప్పకు. ఒట్టు వెయ్యి."

వెయ్యకూడదని తెలిసీ వేశాడు. అక్కకి చెబితే బావ బతుకు పోతుంది, చెప్పకపోతే అక్కే పోవచ్చు. అడకత్తెరలో పోకచెక్కకి కనీసం ఆలోచించే బాధ లేదు.

ఆ వారమంతా అతను మబ్బుల కోసం చూశాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. స్టూడియోకి వచ్చిన ఒక ముసలాయన్ని "గడ్డం కొంచెం కిందకి" అన్నాడు, "ఇంకా కిందకి, ఇంకా" అంటూ పోయాడు. ఆయన గడ్డం ఛాతీకి ఆనాక, "నాకేం పాపం తెలియదు బాబూ" అన్నాడు ఆ ముసలాయన. బడి వెనక డాబామీది ఆవిడ కలలోకి వచ్చింది. ఈసారి బుట్ట లేదు. చేతులు రెండూ చాపి ఉంది, ఏదో పైనుంచి పడబోతుంటే పట్టుకోవడానికన్నట్టు.

ఆదివారం వచ్చింది. గాలి లేదు. మైదానం చివర గాలి ఎటుందో చూపే రంగుల గుడ్డసంచి కర్రకి వేలాడుతూ ఉంది, ఊపిరాగిన ముక్కులా. అక్క బిగుతైన దూకుడు బట్టల్లో వచ్చి, పట్టీలు బిగిస్తున్న పిల్లని, "ఇది వదులు, మళ్ళీ కట్టు" అని రెండుసార్లు కట్టించింది. మడతల పిన్ని సంచి అందిస్తూ బావ మొహంలోకి చూసింది. తన మడతమీద ఒకసారి అరచెయ్యి వేసి చూసుకుంది.

విమానంలో అక్క బావ ఒళ్ళో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. పైలట్ వెనక్కి తిరిగి, "నవ్వండమ్మా, పైవాడు చూస్తున్నాడు" అన్నాడు.

"ఆ పైవాడి ముక్కు చిన్నప్పుడు నేనే తుడిచాను. చూస్తే చూడనీ" అంది అక్క.

అందరూ నవ్వారు. పైవాడు నవ్వితే పళ్ళమధ్య మీట జారిపోతుందని మానేశాడు. కింద బడి అగ్గిపెట్టె అయింది. క్వారీ గుంటలో పచ్చనీళ్ళు కన్నులా తెరిచి ఉన్నాయి. తలుపు తీశారు. చలిగాలి లోపలికి వచ్చి అందర్నీ ఒకసారి తడిమి చూసింది.

దూకారు.

అంతకుముందెన్నడూ చెయ్యని పని ఆ రోజు చేశాడతను. ఎదురుగా అక్క జీవితంలో ఒక్కసారి ఎగురుతుంటే, ఆమెని చూడకుండా తన మణికట్టు చూసుకున్నాడు. గాలి కొట్టకుండా పెట్టుకునే అద్దాల లోపల ఆవిరి పట్టిందేమో, ముల్లు ఒకసారి ఒకటిగా, ఒకసారి రెండుగా కనబడింది. అయినా ఇంకా ఎత్తు ఉందనే అనిపించింది. తల ఎత్తాడు. మళ్ళీ మణికట్టు. మళ్ళీ తల ఎత్తాడు. ముల్లు చూసినప్పుడల్లా భయానికి దవడ దానంతటదే బిగుస్తోంది.

ఇక లేవాలని చేతులు బారచాపబోతూ చూసేసరికి అతని పైప్రాణాలు పైనే పోయాయి. అక్క తన రెండు చేతుల్తోనూ బావ కుడిచెయ్యి పట్టుకుని ఉంది. గట్టిగా, మునిగిపోయేవాళ్ళు పట్టుకున్నట్టు. పారాచూట్ లాగవలసిన చెయ్యి అదే.

బెదిరిపోయింది, అనుకున్నాడు. వదులక్కా, వదులు. మీట నోట్లో ఉండగానే అరిచాడు. ఆ హోరులో అతని అరుపు అతనికే వినబడలేదు. లేచాడు. చేతులు ఊపాడు. బావ ఇటు చూడడు. బావ కళ్ళు అక్క వేళ్ళమీదే ఉన్నాయి. వాళ్ళ వెనక డాబాలు విడివిడిగా తేలాయి, రోడ్డుమీద లారీ నీడతో సహా కదిలింది. దగ్గరికి పోయి ఆ వేళ్ళు విప్పాలంటే ముగ్గురూ చిక్కుపడతారు. పోకపోతే ఏమవుతుందో ఆ నేలే చెబుతుంది. ఫొటోల్లో నెలలుగా అది చెప్పాలనుకుంటున్నదీ ఇదే కాబోలు. అతను ముందుకి వంగాడు. చిక్కుపడితే పడతాం అనుకున్నాడు.

అంతలో అక్క ఆ చేతిని వదిలేసింది. బావ మొహం ఒక్కసారి వంకర తిరిగింది. చెయ్యి వెనక్కి పోయింది. గుడ్డ బయటికి వచ్చింది, సాగింది, విచ్చుకుంది. ఆ జంట పైకి లేచిపోయింది.

పైవాడు తనది తెరుచుకుని కిందకి వచ్చి, దిగిన చోటే గడ్డిలో కూర్చుండిపోయాడు. కాళ్ళు ఉన్నాయో లేవో చూసుకుని, ఉంటే ఉన్నాయిలే అనుకుని ఊరుకున్నాడు. అక్కా బావా నెమ్మదిగా, పెళ్ళి ఊరేగింపులా దిగారు. బావ తొడ రుద్దుకుంటున్నాడు.

"గిల్లింది" అన్నాడు ఫిర్యాదుగా. "రక్కసిలా గిల్లింది."

"లాగమంటే వినబడదు కదా అక్కడ" అంది అక్క, హెల్మెట్ తీసి జుట్టు విదిలించుకుంటూ.

"నువ్వు భయపడి చెయ్యి పట్టుకున్నావనుకున్నా అక్కా!"

"మీటరు చదవడానికి పట్టుకున్నాను. ఏ అంకెకి లాగాలో మడతల పిన్నిని ముందే అడిగాను. ఇరవయ్యేళ్ళుగా రోజూ మణికట్లు పట్టుకునే ఉద్యోగం నాది. చెయ్యి చాపినా అట్టమీద తారీఖు కనబడని మనిషికి, గాలిలో అంకెలు కనబడతాయా? అడిగితే ఈయన చెప్పడు. నువ్వేమో పలుకురాయి తగిలిందన్నావు. పైకెళ్ళి చూస్తేగాని తెలియదనుకున్నాను. ఆ అంకె దాటినా ఈయన చెయ్యి విడిపించుకోలేదు. తెలిసింది."

"అంటే ఇదంతా పరీక్షా? ముచ్చట కాదా?" అన్నాడు బావ, మొహం చిన్నబుచ్చుకుని.

"ముచ్చటే. కానీ ముచ్చట మధ్యలో ఛస్తే బావుండదుగా." ఆవిడ తమ్ముడివైపు తిరిగింది. "నా ఫొటోలు చూపించు."

కెమెరా తెరమీద ముగ్గురూ తలలు పెట్టి చూశారు. మొదట మణికట్టు. తరవాత మణికట్టు. తరవాత అక్క బూటు అంచు, మళ్ళీ మణికట్టు, వరసగా, రకరకాల వెలుతుర్లలో. అక్క వాటిని మళ్ళీ మొదటినుంచి చూసింది. "చెయ్యి మాత్రం బాగా పడిందిరా" అంది చివరికి.

సోమవారం ఆవిడే ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారిపొడుగునా బావ ఉరికంబానికి నడిచేవాడిలా నడిచాడు. మైదానం నిబంధనలు తెచ్చి కళ్ళ డాక్టరుకి చూపించాడు; డాక్టరు చదివి, కళ్ళజోడు పెట్టుకోకూడదని దీంట్లో ఎక్కడా లేదన్నాడు. నిజానికి చూపు తగ్గినవాళ్ళు పెట్టుకోవాలని ఉంది, రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో. బావకి ప్లస్ ఒకటిన్నర వచ్చింది. బెంచీమీద ఖాళీగా కూర్చున్నాడు కదా అని బావమరిదికి కూడా చూశారు.

అతనికి ప్లస్ రెండు.